మాఘంలోనే మండే ఎండలు
(రేడియో ప్రసంగం)



శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందని మన పెద్దవాళ్లు అనేవారు. శివరాత్రి జాగరణ నాడు తెల్లవారుజామున తలస్నానం చేస్తే ఒళ్లు వణికేది. ఆ తర్వాతే దుప్పట్లు ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టేవాళ్లం. ఇప్పుడు కొన్నేళ్లుగా చలి అంతవరకు ఆగడం లేదు. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే పిల్లలు మధ్యాహ్నం ఫ్యాను వేయమంటున్నారు. రథసప్తమి నాడు పొయ్యి ముందు కూర్చుని పరమాన్నం వండేసరికి చీర తడిసిపోతోంది. "అయ్యో, నాకే ఇలా ఉందా, వయసు మీదపడుతోందా?" అని మీలో కొందరు అనుకుని ఉంటారు. మీకే కాదు, వయసు వల్లా కాదు. నిజంగానే ఎండలు ముందుకు జరుగుతున్నాయి.

భారత వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి దేశం మొత్తానికి వేడి లెక్కలున్నాయి. ఆ లెక్కల ప్రకారం 2022 మార్చి నెల పగటి వేడిలో అప్పటిదాకా వచ్చిన మార్చి నెలలన్నిటినీ మించిపోయింది. మరుసటి ఏడు, 2023లో, ఫిబ్రవరి నెల అదే పని చేసింది. 2025 ఫిబ్రవరిలో పగలూ రాత్రీ కలిపి సగటు తీస్తే అదీ 1901 నుంచి అన్నిటికంటే వేడి ఫిబ్రవరి అయింది. మధ్యలో 2024 సంవత్సరం మొత్తంగా దేశంలో అప్పటిదాకా అత్యంత వేడి సంవత్సరంగా నమోదైంది. వరుసగా ఇన్నిసార్లు జరిగితే దాన్ని కాకతాళీయం అనలేం కదండీ.

ఇంతకీ చలికాలంలో ఎండ ఎందుకు ఇలా కాస్తుంది? దీనికి మన ఇంట్లో ఉన్న మట్టికుండే మంచి పాఠం చెబుతుంది. కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ బయటికి కాస్త చెమ్మ ఊరుతుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ, వేడిని తనతో పట్టుకుపోతుంది. కుండ పాతబడి రంధ్రాలు పూడుకుపోతే చెమ్మ రాదు, నీళ్లు చల్లబడవు. భూమి గూడా అంతే. నేలలో తడి ఉన్నంతకాలం, ఎండలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చయిపోతుంది. నేల ఎండిపోతే ఆ ఎండంతా నేరుగా గాలిని వేడి చేస్తుంది.

మన తెలుగు ప్రాంతాలలో డిసెంబరుతో ఈశాన్య ఋతుపవనాల వానలు ముగుస్తాయి. జనవరి నుంచి మార్చి వరకు చినుకు పడడం అరుదు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మబ్బు గొడుగు ఉండదు. ఉత్తరాదిన శీతాకాలంలో పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు హిమాలయాల మీద మంచునూ, పంజాబు వైపు వాననూ కురిపిస్తాయి. అవి బలంగా ఉన్న ఏడు వాటి వెనకనే చల్లగాలి కిందిదాకా దిగుతుంది. అవి బలహీనపడిన ఏడు ఆ చల్లగాలీ తగ్గిపోతుంది. దీనికితోడు బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు భూగోళం మొత్తాన్నీ కొంచెం కొంచెంగా వేడెక్కిస్తోంది. పాత్ర కింద మంట కాస్త పెంచితే పాలు ముందే పొంగినట్టు, ఎండలూ ముందే పొంగుతున్నాయన్నమాట.

ఇక అసలు కబురుకు వద్దాం. ఉగాది నాడు మనం పంచాంగ శ్రవణం వింటాం. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు, ఈ ఏడు వానలెన్ని అని శ్రద్ధగా వింటాం. దానికి ముందే, ఫిబ్రవరి చివర, వాతావరణ శాఖ వారు మార్చి, ఏప్రిల్, మే నెలలకు ఎండల అంచనా ఒకటి ప్రకటిస్తారు. అది పేపర్లో నాలుగు వాక్యాలుగా వస్తుంది, మనం పేజీ తిప్పేస్తాం. "సాధారణం కంటే ఎక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే అవకాశం" అనే మాట చదివి, "ఎండాకాలం ఎండలు కాయక మంచు కురుస్తుందా!" అని నవ్వుకుంటాం. కాని ఆ వాక్యానికి అర్థముంది. కాస్త విప్పి చూద్దాం.

"సాధారణం" అంటే ముప్ఫై ఏళ్ల సగటు. హైదరాబాదులో ఫిబ్రవరి పగటి వేడి సగటున 32 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కనుక ఫిబ్రవరిలో 36 వచ్చిందంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. అదే 36 ఏప్రిల్లో వస్తే "అమ్మయ్య, చల్లగా ఉంది" అంటాం. అంకె ఒక్కటే చూస్తే చాలదు, ఆ నెలకు అది ఎంత ఎక్కువో చూడాలి.

"అవకాశం" అనే మాట గూడా జాగ్రత్తగా చదవాలి. అది జోస్యం కాదు. గడిచిన ఏళ్లను చల్లనివి, మధ్యరకం, వేడివి అని మూడు కుప్పలుగా పోస్తే, రాబోయే వేసవి ఏ కుప్పలో పడవచ్చో చెప్పడమే. నూటికి అరవై వంతులు వేడి కుప్పలో పడవచ్చు అంటే, తక్కిన నలభై వంతులు పడకపోవచ్చు అనే అర్థం గూడా అందులోనే ఉంది. మధ్యలో ఒక మామిడి జల్లు పడినంతమాత్రాన ఆ అంచనా అబద్ధమైపోదు. మూడు నెలల లెక్కలో ఒక్క సాయంత్రం వాన చిన్న విషయం.

మూడు నెలల అంచనాతో ఇంటి పెద్ద ఏర్పాట్లు చూసుకోవాలి. ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా వస్తుంది. దానితో ప్రయాణాలు, పెళ్లిళ్లు చూసుకోవాలి. రోజూ హైదరాబాదు, అమరావతి వాతావరణ కేంద్రాలు ఇచ్చే హెచ్చరికతో ఆనాటి పని చూసుకోవాలి. ఆ హెచ్చరికకు రంగులుంటాయి. ఆకుపచ్చ అయితే భయం లేదు. పసుపు అయితే గమనించుకోండి అని. నారింజ అయితే సిద్ధంగా ఉండండి అని. ఎరుపు అయితే ఇక ఆలస్యం చేయక జాగ్రత్త పడండి అని.

వడగాడ్పు అనే మాటకూ లెక్కుంది. మైదాన ప్రాంతంలో వేడి కనీసం 40 డిగ్రీలుండి, ఆ రోజుకు ఉండవలసినదానికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. 45 డిగ్రీలు చేరితే ఇక ఏ లెక్కా చూడనక్కరలేదు, వడగాడ్పే. సముద్ర తీరాన 37 డిగ్రీలకే ఈ లెక్క మొదలవుతుంది. ఎందుకంటే విశాఖ, కాకినాడ, బందరు వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మళ్లీ మన కుండ కథే.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. మైదానంలో ఫిబ్రవరిలో 36, 37 డిగ్రీలు వచ్చినా 40 దాటలేదు గనుక దాన్ని వడగాడ్పు అనరు. పేపర్లో హెచ్చరిక ఉండదు. మనమూ నిశ్చింతగా ఉంటాం. కాని ఆ లెక్క మనిషి ప్రాణం కోసం వేసింది. ఎండుటాకుకు ఆ లెక్కతో పని లేదు. దానికి 36 చాలు, పొడిగాలి చాలు. అందుకే మన ఊళ్లో వడగాడ్పు మొదలుకాక ముందే అడవిలో మంటలు మొదలవుతాయి.

"అడవి సంగతి మనకెందుకమ్మా, మనం పట్నంలో ఉన్నాం" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి.

నల్లమల, శేషాచలం, ఆదిలాబాదు, భద్రాచలం వైపు అడవులు ఎక్కువగా ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప వంటి చెట్లు ఎండాకాలానికి ముందు ఆకు రాలుస్తాయి. నీళ్లు పొదుపు చేసుకోవడానికి చెట్టు చేసే ఉపాయమది, మనం ఖర్చు తగ్గించుకున్నట్టే. అలా రాలిన ఆకు నేల మీద పరుపులా పేరుకుంటుంది. వానాకాలంలో మనిషెత్తు పెరిగిన గడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఎండలు నెల ముందు వస్తే ఆ పరుపు నెల ముందే ఎండుతుంది. తొలకరి మాత్రం నెల ముందు రాదు గదా! అంటే అడవి నిప్పుకు లొంగి ఉండే కాలం నెల రోజులు పెరిగిందన్నమాట. అసలు ప్రమాదం ఇదే. మన దేశంలో ఫిబ్రవరి నుంచి మే వరకు అడవి మంటలు ఎక్కువ. దేశంలోని అడవిలో 36 శాతం పైచిలుకు తరచూ మంటలకు గురయ్యేదేనని డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ 2019 నివేదికలో చెప్పింది.

మరి నిప్పు ఎవరు పెడతారు? వెదుళ్లు ఒరుసుకుని నిప్పు పుడుతుందని చిన్నప్పుడు కథల్లో విన్నాం. నిజానికి మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనిషి చేతిలోంచి వచ్చినవే. ఇప్పపువ్వు ఏరుకునేవారు చెట్టు కింద ఆకులు అడ్డమని కాస్త నిప్పు పెడతారు. కాల్చితే తునికాకు లేతగా చిగురిస్తుందని కొందరు కాలుస్తారు. పశువులకు కొత్త గడ్డి కోసం కొందరు, తేనెపట్టుకు పొగ పెట్టేవారు కొందరు. వీళ్లందరూ పొట్టకూటి కోసం తిరిగేవాళ్లు, తరతరాలుగా అడవితో బతికేవాళ్లు. మంట ఎప్పుడు ఆర్పాలో వారికి మనకంటే బాగా తెలుసు. కాని ఏ మాసంలో ఎంత ఎండుతుందనే వారి పాత లెక్క గూడా ఈ ముందొచ్చిన ఎండలతో తప్పిపోతోంది. ఇక వీరు గాక, బీడీ, సిగరెట్టు ఆర్పకుండా విసిరేవారు, దారి పక్కన మూడు రాళ్లు పెట్టి వంట చేసుకుని నిప్పుల మీద నీళ్లు పోయకుండా బండెక్కేవారు ఉన్నారు. వీళ్లెవరు? పట్నం నుంచి వెళ్లిన మనవాళ్లే!

శ్రీశైలం పోయినా, అహోబిలం పోయినా, తిరుమల మెట్లెక్కినా మనం నడిచేది అడవి మధ్యనే. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం కొండలు అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు కుమ్మరించవలసి వచ్చింది. అది మే నెల కాదు, మార్చి అని గుర్తుంచుకోండి. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల మీద సరదాగా నడక యాత్రకు వెళ్లినవారిని గడ్డి మంటలు చుట్టుముట్టాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ యాత్రకు వెళ్లినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే, చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. ఏ తల్లి కడుపు ఎలా తరుక్కుపోయిందో ఊహించుకోండి.

కొండ మీద మంట ఎందుకంత వేగంగా పరుగెడుతుందో తెలుసుకోవాలంటే ఒక అగ్గిపుల్ల చాలు. వెలిగించిన పుల్లను తల పైకి పట్టుకుంటే నిదానంగా కాలుతుంది. తల కిందికి వంచితే మంట గబుక్కున వేళ్లదాకా పాకుతుంది. వేడి పైకి పోతూ పై భాగాన్ని ముందే కాచి సిద్ధం చేస్తుంది గనుక. కొండవాలు గూడా అంతే. కింద మంట ఉంటే పైకి పరుగెత్తి తప్పించుకోవడం కష్టం. కనుక మీ పిల్లలు కాలేజీ స్నేహితులతో మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండలెక్కుతామంటే వద్దనకండి గాని, అటవీ శాఖ అనుమతి ఉందా, వెంట ఆ ఊరి మనిషి ఉన్నాడా, ఆ జిల్లాకు హెచ్చరిక ఏ రంగులో ఉంది అని మూడు ప్రశ్నలు తప్పక అడగండి.

ఇక అడవితో మన వంటింటికి ఉన్న సంబంధం చెబుతాను. మనం కొనే అడవి తేనె, కుంకుడుకాయలు, ఉసిరి, చింతపండులో ఎంతో భాగం కొండల నుంచి గిరిజనులు ఏరి తెచ్చినవే. 1956 నుంచి గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ వారు వారి దగ్గర కొని మనకు అమ్ముతున్నారు. మంట వస్తే పెద్ద చెట్టు బతుకుతుంది గాని కింద మొలిచిన పిల్ల చెట్లు మాడిపోతాయి. అంటే నేటి ఉసిరి చెట్టు ఉంటుంది, రేపటిది ఉండదు. నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు పోతాయి. కాలిన నేల మీద తొలకరి జోరుగా పడితే పట్టుకునే ఆకూ వేరూ లేక మట్టి కొట్టుకుపోయి వాగులలో, జలాశయాలలో చేరుతుంది. హైదరాబాదులో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లున్నాయి. ఆ జలాశయం చుట్టూ ఉన్నది నల్లమల అడవే. ఇప్పుడు చెప్పండి, అడవి సంగతి మనకెందుకు?

ప్రభుత్వం చేసే పని లేకపోలేదు. అటవీ శాఖవారు ఎండలకు ముందే అడవిలో పొడుగునా ఆకూ గడ్డీ లేకుండా బాటలు తీస్తారు. మంట అక్కడిదాకా వచ్చి తినడానికేమీ దొరక్క ఆగుతుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లు మన మీదుగా పోతూ వేడి చుక్కలను కనిపెడతాయి. డెహ్రాడూన్ సంస్థ ఆ కబురును సెల్‌ఫోనుకు పంపిస్తుంది. కాని ఉపగ్రహం కబురు చెప్పగలదే గాని మంట ఆర్పలేదు. ఆర్పేది చేతిలో పచ్చికొమ్మో, ఆకులు ఊదే యంత్రమో పట్టుకుని నడిచిపోయే కాపలా మనిషి. మండుటెండలో, మంట పక్కన నిలబడే ఆ మనిషి పని మనం వెయ్యకపోతే పుట్టని నిప్పుతో పెరగకూడదు.

పట్నంలో గూడా ఈ ప్రమాదానికి చిన్న రూపముంది. మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. ఒక మార్చి నెల ఉదయం ఎవరో ఊడ్చిన ఆకుల కుప్పకు నిప్పు పెట్టి వెళ్లిపోయారు. పది గంటలకు గాలి లేచింది. ఎండుగడ్డి పట్టుకుని మంట పక్కనే ఉన్న టార్పాలిన్ గుడిసెల వైపు నడిచింది. మా పనిమనిషి కుటుంబం ఉండేది అక్కడే. మేం ఆడవాళ్లం బిందెలతో, బకెట్లతో నీళ్లు పోస్తూంటే ఫైరింజను వచ్చింది. ఒక గుడిసె అంచు కాలింది, మనుషులకేమీ కాలేదు. లోపల గ్యాస్ బండ ఉందని తరువాత తెలిసి కాళ్లు వణికాయి. ఇలా చెత్త తగలబెట్టడం నేరం గూడా. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు జరిమానా వేయాలని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఆకుల్ని కాల్చడమెందుకు, ఒక గుంటలో వేసి మట్టి కప్పితే వానాకాలానికి కరివేపాకు చెట్టుకు ఎరువవుతుంది.

కనుక ఈ నాలుగు నెలలకు మనం చేయదగిన పనులు కొన్ని చెబుతాను.

ఫిబ్రవరి చివర వచ్చే ఎండల అంచనాను పేపర్లో కత్తిరించి, క్యాలెండరు పక్కన అంటించండి. రోజూ వార్తలు వినేటప్పుడు మీ జిల్లా రంగు ఏమిటో పిల్లలచేత చెప్పించండి. వాళ్లకు ఆటగా ఉంటుంది, మీకు సమాచారం ఉంటుంది.

చుట్టుపక్కల ఖాళీ స్థలంలో ఎండుగడ్డి ఉంటే హోలీకి ముందే కోయించమని మునిసిపాలిటీకి నలుగురూ కలిసి అర్జీ పెట్టండి. కాముని మంట వేసే చోటు గుడిసెలకూ, కరెంటు తీగలకూ దూరంగా ఉండేటట్టు చూడండి. పక్కన రెండు డ్రమ్ముల నీళ్లు ఉంచి, ఆఖరి నిప్పు ఆరేదాకా ఎవరో ఒకరు ఉండాలి.

యాత్రకు వెళ్తే అడవి దారిలో పొయ్యి వెలిగించకండి. పులిహోర, దద్దోజనం ఇంట్లోనే కట్టుకుని వెళ్లండి. బస్సులోంచి ఎవరైనా బీడీ ముక్క విసిరితే మొహమాటపడకుండా, "బాబూ, ఆర్పి పడేయి" అనండి. అలా అనడానికి ఆడదాని నోరే మంచిది, ఎవరూ తగాదాకు రారు.

పగటి వంట తొమ్మిది గంటలలోపు ముగించండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలికీ వడదెబ్బ తగులుతుంది, ఎండలో తిరిగినవారికే కాదు. పనిమనిషిని ఆ వేళకు రమ్మనకండి. ఇస్త్రీబండి అతనికి, కూరలమ్మే అవ్వకు ఓ గ్లాసు మజ్జిగ ఇవ్వండి. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎండలో కూలిపని చేసేవారికీ, వయసు మళ్లినవారికీ ఆ ముప్పు అందరికంటే ఎక్కువ.

ఎవరికైనా ఒళ్లు నిప్పులా కాలుతూ, మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలు వేసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. నీరసపడి తెలివిగా ఉన్నవారికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

మంట కనిపిస్తే 101, గ్యాస్ వాసన వస్తే 1906. ఈ అంకెలు వంటింటి తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ఆ సమయంలో ఏవీ గుర్తు రావు.

ఎండను మనం ఆపలేం. కాని ఎండ ఎండగా ఉండిపోవాలా, మంటగా మారాలా అన్నది చాలావరకు మనుషుల చేతిలో ఉంది. మన అమ్మలు పొయ్యిలో నిప్పు కాపాడడమూ తెలిసినవారే, రాత్రి పడుకోబోయే ముందు నీళ్లు చిలకరించి ఆర్పడమూ తెలిసినవారే. ఆ అలవాటును ఇంటి గడప దాటించి వీధికీ, యాత్రకీ, అడవి దారికీ తీసుకువెళ్లమనే నా మనవి.